నోరున్న స్విచ్ కొనండి, కొన్నాక మాట్లాడనివ్వండి

24 గిగాబిట్ పోర్టులున్న మామూలు నెట్‌వర్క్ స్విచ్‌నీ (ఆఫీసు కంప్యూటర్లను కేబుళ్ళతో కలిపే డబ్బా), అదే సైజు మేనేజ్డ్ స్విచ్‌నీ (లోపలికి లాగిన్ అయి సెట్టింగులు మార్చగలిగేది) పక్కపక్కన పెట్టి డేటాషీట్లు చదివితే స్పీడు దగ్గర తేడా ఏమీ కనబడదు. రెండిట్లోనూ స్విచింగ్ కెపాసిటీ 48 జీబీపీఎస్ అని ఉంటుంది (24 పోర్టులు, రానూపోనూ లెక్క). రెండూ సెకనుకు 3.57 కోట్ల ఫ్రేములు (డేటా మోసే చిన్న మూటలు) పంపగలమంటాయి. అందులో రహస్యమేమీ లేదు. 64 బైట్ల ఫ్రేములతో ఒక గిగాబిట్ పోర్టు నిండితే సెకనుకు 14,88,095 ఫ్రేములు పడతాయి, దాన్ని 24తో హెచ్చవేస్తే వచ్చేది ఆ అంకే. కాబట్టి "మేనేజ్డ్ పెట్టండి, నెట్ ఫాస్ట్ అవుతుంది" అని ఎవరైనా అంటే నమ్మకండి.

మరి ఎక్కువ డబ్బు పెట్టేది దేనికి? మామూలు స్విచ్‌కి నోరు లేదు. లైట్లు మిణుకుమంటాయి, అంతే. ఏ పోర్టులో ఎర్రర్లు వస్తున్నాయి, ఏ లింకు ఎప్పుడు పడిపోయింది, ఫలానా కంప్యూటర్ ఎక్కడ తగిలించి ఉంది అని అడుగుదామంటే దానికి ఐపీ అడ్రస్సే ఉండదు. మేనేజ్డ్ స్విచ్‌ని అడగొచ్చు, ఇలా చెయ్యి అని చెప్పొచ్చు. అంతా సజావుగా నడిచే రోజున ఈ రెంటికీ తేడా తెలియదు. ఏదైనా చెడిన రోజునే తెలుస్తుంది. లోపం పది నిమిషాల్లో దొరుకుతుందా, లేక సాయంత్రం దాకా కేబుళ్ళు ఒక్కొక్కటే పీకి చూస్తూ కూర్చోవాలా అన్నది అప్పుడు తేలుతుంది.

అలాగని అందరికీ అక్కర్లేదు. ఒకే గదిలో ఐదారు కంప్యూటర్లు, ఒక ప్రింటరు ఉంటే మామూలు స్విచ్ చాలు, మిగిలిన డబ్బు యూపీఎస్ మీద పెట్టుకోవచ్చు. రెండో స్విచ్ అవసరమైన రోజున, లేదా ఐపీ ఫోన్లు, కెమెరాలు, గెస్ట్ వైఫై అనే మూడిట్లో ఏ రెండు వచ్చినా సరే, మేనేజ్డ్‌కి వెళ్ళాల్సిందే అన్నది నా లెక్క. ఇంకో మాట కూడా ముందే చెప్పేస్తాను. డబ్బా విప్పి, ర్యాక్‌లో బిగించి, కేబుళ్ళు తగిలించి వదిలేసిన మేనేజ్డ్ స్విచ్ మామూలు దానికన్నా ప్రమాదకరం. అలా వదిలేసేటట్టయితే కొనకపోవడమే మేలు.

కౌంటర్లు చూడటం నేర్చుకుంటే సగం పని అయినట్టే

"నా సీటు దగ్గర నెట్ స్లో" అన్న ఫిర్యాదు తీసుకుందాం. మేనేజ్డ్ స్విచ్‌లో ముందు చూడాల్సింది ఆ పోర్టు స్పీడు. 1000 ఉండాల్సిన చోట 100 అని కనిపిస్తే సగం జవాబు దొరికినట్టే. రాగి కేబుల్ మీద గిగాబిట్ నడవాలంటే నాలుగు జతల తీగలూ కావాలి, 100 ఎంబీపీఎస్‌కి రెండు జతలు చాలు. మిగతా రెండు జతల్లో ఒక్క తీగ ఆర్‌జే45 కనెక్టర్‌లో (కేబుల్ చివరి ప్లగ్గు) సరిగా దిగకపోయినా చాలాసార్లు లింకు చప్పుడు చేయకుండా 100కి దిగిపోతుంది. లైటు మాత్రం వెలుగుతూనే ఉంటుంది. మెయిల్ వస్తుంది, బ్రౌజర్ తెరుచుకుంటుంది. పెద్ద ఫైలు సర్వర్‌కి కాపీ చేసినప్పుడే బాధ బయటపడుతుంది.

చాలా మేనేజ్డ్ స్విచ్‌లలో కేబుల్ టెస్ట్ అనే ఆప్షన్ ఉంటుంది. స్విచ్ తీగల మీదికి ఒక పల్స్ పంపి, అది ఎంతసేపటికి తిరిగి వచ్చిందో కొలుస్తుంది. "మూడో జత ఓపెన్, 37 మీటర్లు" అని చెప్పిందంటే తెగింది స్విచ్ దగ్గర కాదు, ఆ చివర గోడ సాకెట్ దగ్గరో, దాని తర్వాతి ప్యాచ్ కార్డ్‌లోనో. ఒకటి రెండు మీటర్లు అంటే ర్యాక్‌లోని ప్యాచ్ కార్డ్ మార్చి చూడండి. దూరం లెక్క నాలుగైదు మీటర్లు అటూ ఇటూ అవుతుంది, టెస్ట్ చేసే కొన్ని సెకన్లు ఆ లింకు తెగుతుంది. పని వేళల్లో సర్వర్ పోర్టు మీద ఈ ప్రయోగం వద్దు.

స్పీడు సరిగానే ఉంటే ఎర్రర్ కౌంటర్లు చూడాలి. ఎప్పటివో పాత అంకెలు చూసి కంగారుపడకుండా, ముందు కౌంటర్లను సున్నా చేసి గంట తర్వాత మళ్ళీ చూడండి. సీఆర్‌సీ ఎర్రర్లు (దారిలో చెడిపోయి వచ్చిన ఫ్రేముల లెక్క) ఒక్క పోర్టులోనే పెరుగుతుంటే కేబులో కనెక్టరో పాడైనట్టు, లేదా ఆ కేబుల్ కరెంటు వైర్లను ఆనుకుని పోతున్నట్టు. ఒక వైపు సీఆర్‌సీ ఎర్రర్లు, రెండో వైపు లేట్ కొలిజన్లు (పంపుతుండగా ఆలస్యంగా ఢీకొన్న ఫ్రేములు) పెరుగుతున్నాయంటే అది డ్యూప్లెక్స్ తేడా. ఫుల్ అంటే రానూపోనూ ఒకేసారి, హాఫ్ అంటే ఒకసారికి ఒక వైపే. ఎవరో ఒక వైపు "100 ఫుల్" అని బిగించారు, రెండో వైపు ఆటోలో ఉంది. ఆటో వైపుకి అవతలి నుంచి జవాబు రాదు కాబట్టి స్పీడు మాత్రం పసిగట్టి, డ్యూప్లెక్స్‌ని రూలు ప్రకారం హాఫ్‌కి పెట్టుకుంటుంది. పింగ్ బాగానే వెళ్తుంది, లోడు పెరిగితే కుప్పకూలుతుంది. రెండు వైపులా ఆటోలో ఉంచడమే మందు.

ట్రాఫిక్ గ్రాఫుల కోసం ఎస్ఎన్ఎంపీ (స్విచ్‌లోని అంకెలను బయటి సాఫ్ట్‌వేర్ అడిగి తెలుసుకునే పద్ధతి) వాడతారు. ఇక్కడ ఒక పాత గోతిలో ఇప్పటికీ జనం పడుతుంటారు. 32 బిట్ల ట్రాఫిక్ కౌంటర్ 429 కోట్ల చిల్లర బైట్ల దగ్గర తిరిగి సున్నా అవుతుంది. నిండుగా నడిచే గిగాబిట్ లింకు మీద అది 34 సెకన్లలో జరిగిపోతుంది. మీ మానిటరింగ్ సాఫ్ట్‌వేర్ ఐదు నిమిషాలకోసారి చదువుతుంటే ఈ మధ్యలో కౌంటర్ ఎన్నిసార్లు తిరిగిందో దానికి తెలియదు. గ్రాఫ్ అందంగానే ఉంటుంది, అంకెలు మాత్రం తప్పు. 64 బిట్ల కౌంటర్లు చదవమని చెప్పాలి. ఎస్ఎన్ఎంపీ మొదటి వెర్షన్‌లో అవి ఉండవు కాబట్టి 2సీ గానీ 3 గానీ వాడాలి.

లాగ్ (స్విచ్ రాసుకునే సంఘటనల చిట్టా) విషయానికొస్తే, ఎన్‌టీపీ (నెట్‌వర్క్ నుంచి టైమ్ సరిచేసుకునే పద్ధతి) పెట్టని స్విచ్ లాగ్‌కి విలువ లేదు. చాలా స్విచ్‌లకి కరెంటు పోయి వస్తే టైమ్ గుర్తుండదు. సిస్కో స్విచ్‌లలో 1993 మార్చి 1 నుంచి మొదలయ్యే లాగ్‌లు నెట్‌వర్క్ మనుషులందరికీ పరిచయమే. పైగా లాగ్ ఉండేది మెమరీలో, రీబూట్ అయితే పోతుంది. సమస్య వస్తే జనం ముందు చేసేదీ స్విచ్ ఆపి ఆన్ చేయడమే! అంటే సాక్ష్యాన్ని చేతులారా చెరిపేస్తున్నారన్నమాట. లాగ్ సందేశాలు (సిస్‌లాగ్) బయటి మెషిన్‌కి వెళ్ళేలా పెట్టండి, పాత కంప్యూటర్ అయినా పర్లేదు.

లూప్

ఆఫీసు మొత్తాన్ని ఒక్క కేబుల్‌తో ఆపేయడం చాలా తేలిక. మీటింగ్ రూమ్ బల్ల కింద వేలాడుతున్న కేబుల్ చివర చూసి, "ఇది ఊడిపోయినట్టుంది" అని ఎవరో పుణ్యం కట్టుకుని పక్కనున్న సాకెట్‌లో పెడతారు. లేదా ఐపీ ఫోన్ వెనక ఉన్న రెండు పోర్టులనూ గోడకే తగిలిస్తారు. ఐపీ ప్యాకెట్‌లో ఉన్నట్టు ఈథర్‌నెట్ ఫ్రేమ్‌లో ఆయుష్షు లెక్క ఏదీ ఉండదు. అందరికీ వెళ్ళే బ్రాడ్‌కాస్ట్ ఫ్రేమ్ ఒక్కటి ఇలా ఏర్పడిన లూప్‌లోకి (బయల్దేరిన చోటికే తిరిగొచ్చే దారిలోకి) వచ్చిందంటే తిరుగుతూనే ఉంటుంది, తిరిగిన ప్రతిసారీ అన్ని పోర్టులకూ కాపీ వెళ్తుంది. క్షణాల్లో లింకులు నిండిపోతాయి. మామూలు స్విచ్‌లలో అన్ని లైట్లూ ఒకేసారి వెర్రిగా మిణుకుమంటాయి, కానీ ఆ కేబుల్ ఏదో చెప్పే నాథుడుండడు.

దీనికి విరుగుడు స్పానింగ్ ట్రీ. స్విచ్‌లు తమలో తాము మాట్లాడుకుని లూప్ చేసే దారిని మూసేస్తాయి. రేడియా పెర్ల్‌మన్ 1985లో డీఈసీ అనే కంప్యూటర్ కంపెనీలో ఉండగా రాసిన అల్గారిథమ్ ఇది. 1990లో 802.1డీగా స్టాండర్డ్ అయింది, 2001లో వేగవంతమైన 802.1డబ్ల్యూ వచ్చింది. మేనేజ్డ్ స్విచ్‌లు చాలామటుకు దీన్ని ఆన్ చేసే పంపుతాయి. అంతటితో పని అయిపోయిందనుకోవడమే పొరపాటు. మూడు సంగతులు చేత్తో చేయాలి.

ఒకటి, రూట్ (ఈ ట్రీకి కేంద్రంగా ఉండే స్విచ్) ఎవరో మీరే చెప్పాలి. ప్రయారిటీ అంకె తక్కువున్నదే రూట్ అవుతుంది, డిఫాల్ట్‌గా అన్ని స్విచ్‌లకూ అది 32768. అన్నీ సమానమైతే తక్కువ మ్యాక్ అడ్రస్ (తయారీలోనే పడే నంబరు) ఉన్నది రూట్ అవుతుంది. ఒకే కంపెనీ స్విచ్‌లైతే అది తరచూ అన్నిటికన్నా పాతదే అయి కూర్చుంటుంది. మూల గదిలోని ముసలి స్విచ్ మీదుగా ఆఫీసు ట్రాఫిక్ అంతా తిరిగి వస్తుంటుంది. మధ్యలో ఉండే పెద్ద స్విచ్‌కి 4096, దాని తర్వాతిదానికి 8192 పెట్టండి.

రెండోది ఎడ్జ్ పోర్టులు (సిస్కో భాషలో పోర్ట్‌ఫాస్ట్). కంప్యూటర్ తగిలించిన పోర్టును ఎడ్జ్ అని చెప్పకపోతే స్విచ్ వినడానికి 15, నేర్చుకోవడానికి 15, మొత్తం 30 సెకన్లు ఆగుతుంది. ఇప్పటి కంప్యూటర్లు అంతకన్నా ముందే బూట్ అయి డీహెచ్‌సీపీని (ఐపీ అడ్రస్‌లు పంచే సర్వీసు) అడిగి, జవాబు రాక 169.254తో మొదలయ్యే అడ్రస్ పెట్టుకుంటాయి. "పొద్దున ఆన్ చేస్తే నెట్ రాదు, కేబుల్ పీకి పెడితే వస్తుంది" అన్న ఫిర్యాదు వెనక చాలాసార్లు ఇదే ఉంటుంది.

మూడోది బీపీడీయూ గార్డ్. ఎడ్జ్ పోర్టులోకి స్పానింగ్ ట్రీ సందేశం (బీపీడీయూ) వచ్చిందంటే అవతల ఉన్నది కంప్యూటర్ కాదు, ఇంకో స్విచ్ లేదా లూప్. గార్డ్ వెంటనే పోర్టును మూసేస్తుంది. ఐదు నిమిషాల తర్వాత దానంతటదే తెరుచుకునేలా రికవరీ టైమర్ పెట్టుకుంటే, సెలవు రోజున మీరు పరుగెత్తాల్సిన పని ఉండదు. అయితే చవకరకం డెస్క్ స్విచ్‌లు కొన్ని ఈ సందేశాలను మింగేస్తాయి. అలాంటి స్విచ్‌లోనే ఎవరైనా కేబుల్ రెండు చివరలూ పెడితే బీపీడీయూ గార్డ్‌కి ఏమీ తెలియదు. అందుకే స్టార్మ్ కంట్రోల్ కూడా కావాలి. బ్రాడ్‌కాస్ట్ పోర్టు సామర్థ్యంలో ఇంత శాతం దాటితే ఆపెయ్యి అని చెప్పడమే అది. ఒక శాతం దగ్గర మొదలుపెట్టి, వారం పాటు లాగ్ చూసి సరిచేసుకోండి.

వీల్యాన్: గోడ కట్టి తలుపు తెరిచి పెట్టకండి

అమ్మేవాళ్ళు మొదట చెప్పే ఫీచర్ ఇదే. ఒకే స్విచ్‌ని నాలుగైదు విడి స్విచ్‌లుగా వాడుకోవచ్చు. 802.1క్యూ స్టాండర్డ్ ప్రకారం ఫ్రేమ్‌కి 4 బైట్ల ట్యాగ్ తగులుతుంది, అందులో వీల్యాన్ నంబరుకి 12 బిట్లు, వాడుకోగలిగినవి 1 నుంచి 4094. మీకు కావాల్సినవి ఐదారే. స్టాఫ్‌కి 10, ఫోన్లకు 20, కెమెరాలకు 30, గెస్టులకు 40, స్విచ్‌ల మేనేజ్‌మెంట్‌కి 99 అనుకోండి. ఐపీ రేంజ్‌లోనూ అవే అంకెలు వచ్చేలా పెడితే (10.0.30 అంటే కెమెరాలు) లాగ్ చూడగానే అది ఏ జాతి పరికరమో తెలిసిపోతుంది.

అయితే వీల్యాన్ దానంతటది సెక్యూరిటీ కాదు. అది బ్రాడ్‌కాస్ట్‌ని విడదీస్తుంది, అంతవరకే. ఆ వీల్యాన్లను కలిపే రౌటరో, రౌటింగ్ చేయగల లేయర్ 3 స్విచ్చో డిఫాల్ట్‌గా అన్నిటినీ అన్నిటితో మాట్లాడనిస్తుంది. గెస్ట్ వైఫై నుంచి అకౌంట్స్ సర్వర్‌కి పింగ్ వెళ్తుంటే మీరు నంబర్లు మార్చారంతే, రక్షణ ఏమీ రాలేదు. రౌటింగ్ జరిగే చోట ఏసీఎల్ (ఎవరు ఎక్కడికి వెళ్ళొచ్చో చెప్పే రూల్స్) రాయాలి: గెస్ట్ నుంచి లోపలి అడ్రస్‌లన్నిటికీ నిషేధం, ఇంటర్నెట్‌కి అనుమతి, కెమెరాల నుంచి రికార్డర్‌కి తప్ప ఎక్కడికీ దారి లేదు. రాసి వదిలేయకుండా గెస్ట్ వైఫైలో కూర్చుని పింగ్ కొట్టి చూడండి.

ఇక్కడ చెయ్యి జారే చోటు ఒకటుంది. రెండు స్విచ్‌ల మధ్య ట్రంక్ (చాలా వీల్యాన్లను మోసే లింకు) మీద ఇప్పటికే 10, 20, 99 నడుస్తున్నాయి. కెమెరాలు కొత్తగా వచ్చాయి, 30ని చేర్చాలి. సిస్కో తరహా కమాండ్‌లలో "అలౌడ్ వీల్యాన్ 30" అని కొడితే 30 చేరదు. పాత లిస్టంతా పోయి 30 ఒక్కటే మిగులుతుంది. మధ్యలో "యాడ్" అనే మాట ఉండాలి. అది మరిస్తే మేనేజ్‌మెంట్ వీల్యాన్ కూడా తెగి, మీ సెషన్ అక్కడే బిగుసుకుపోతుంది. అవతలి స్విచ్ దగ్గరికి కన్సోల్ కేబుల్ పట్టుకుని వెళ్ళడం తప్ప దారి ఉండదు. అందుకే దూరం నుంచి ట్రంక్ ముట్టుకునే ముందు కాన్ఫిగ్ (స్విచ్ సెట్టింగులన్నీ) సేవ్ చేసి, పది నిమిషాల్లో రీబూట్ అయ్యేలా "రీలోడ్ ఇన్ 10" కొట్టి అప్పుడు మార్పు చేయండి. మీరు బయటపడిపోతే స్విచ్ పాత కాన్ఫిగ్‌తో లేస్తుంది. అంతా బాగుంటే రీలోడ్ రద్దు చేసి కొత్తది సేవ్ చేసుకోవచ్చు. జూనిపర్ స్విచ్‌లలో "కమిట్ కన్ఫర్మ్‌డ్" ఇదే పని రీబూట్ లేకుండా చేస్తుంది. ఇలాంటి ఏర్పాటు లేని స్విచ్ అయితే ట్రంక్ మార్పులు ఆ స్విచ్ పక్కన నిలబడే చేయండి.

పీఓఈ లెక్క

కేబుల్ మీదే కరెంటు పంపే ఈ పీఓఈ పద్ధతికి మూడు మెట్లున్నాయి. 2003 నాటి 802.3ఏఎఫ్ పోర్టుకి 15.4 వాట్లు ఇస్తుంది, 100 మీటర్ల కేబుల్‌లో పోయేది పోను పరికరానికి చేరుతుందని లెక్కించేది 12.95. 2009లో వచ్చిన 802.3ఏటీకి (పీఓఈ ప్లస్) ఆ అంకెలు 30, 25.5. 2018 నాటి 802.3బీటీ 60 వాట్ల దాకా, పై రకం 90 దాకా వెళ్తుంది. 24 పోర్టుల స్విచ్ మీద "24 పీఓఈ ప్లస్ పోర్టులు" అని రాసి, కింద చిన్న అక్షరాల్లో "370 వాట్లు" అని ఉంటుంది, అది అన్ని పోర్టులకూ కలిపి బడ్జెట్. 15.4 లెక్కన 24 పోర్టులకూ సరిపోతుంది. 30 లెక్కన 12 పోర్టులకే.

ఈ పొరపాటు పగలు బయటపడదు. కెమెరాలు చీకటి పడ్డాక ఇన్‌ఫ్రారెడ్ లైట్లు వెలిగించుకుంటాయి, అప్పుడు ఒక్కొక్కటీ ఇంకొన్ని వాట్లు లాగుతుంది. బడ్జెట్ అంచున ఉన్న స్విచ్ తక్కువ ప్రయారిటీ పోర్టులను ఆపేస్తుంది. ప్రయారిటీ అన్నిటికీ ఒకేలా ఉంటే చాలా స్విచ్‌లు పెద్ద నంబరు పోర్టు నుంచి కోత మొదలుపెడతాయి. రాత్రి పోయి పొద్దున్నే తిరిగొచ్చే కెమెరా కనిపిస్తే కెమెరా మార్చకండి, రాత్రి ఎనిమిదింటికి స్విచ్‌లో పవర్ వాడకం చూడండి. కొనేటప్పుడు పరికరాల గరిష్ఠ వాడకం కూడి, దాని మీద నాలుగో వంతు కలిపి బడ్జెట్ చూసుకోవాలి.

పీఓఈలో నాకు అన్నిటికన్నా నచ్చేది డేటాషీట్‌లో ఎక్కడో మూలన ఉంటుంది: ఒక పోర్టు కరెంటు మాత్రం ఆపి మళ్ళీ ఇవ్వగలగడం. సీలింగ్‌లో బిగించిన వైఫై యాక్సెస్ పాయింట్ బిగుసుకుపోతే నిచ్చెన అక్కర్లేదు. ఇదొక్కటే మేనేజ్డ్ స్విచ్ డబ్బులు రాబట్టేస్తుంది.

మిగతావి, గబగబా

డీహెచ్‌సీపీ స్నూపింగ్ తప్పనిసరిగా ఆన్ చేయాల్సిందే. ఎవరో ఇంటి రౌటర్ తెచ్చి లాన్ పోర్టు ద్వారా తగిలిస్తే అది కూడా అడ్రస్‌లు పంచడం మొదలుపెడుతుంది, సగం ఆఫీసు తప్పు గేట్‌వే పట్టుకుని తిరుగుతుంది. స్నూపింగ్ ఉంటే నమ్మకమైన పోర్టు నుంచి వచ్చే జవాబులనే వదులుతుంది. ఆన్ చేసే ముందు అప్‌లింక్‌ని (పై స్విచ్‌కో సర్వర్‌కో వెళ్ళే పోర్టుని) ట్రస్టెడ్ చేయడం మరిస్తే మాత్రం ఎవరికీ అడ్రస్ రాదు. ట్రస్ట్ చేసినా రాకపోతే ఆప్షన్ 82 ఆపి చూడండి, స్విచ్ అతికించే ఆ చిన్న సమాచారం చూసి కొన్ని సర్వర్లు అడిగినదాన్ని పారేస్తాయి.

లింకులు కలిపే ఎల్ఏసీపీ గురించి అతిగా ఆశపడొద్దు. రెండు గిగాబిట్ లింకులు కలిపితే ఒక్క ఫైలు కాపీ రెండు గిగాబిట్లతో సాగదు. ఒక సంభాషణ ఒకే లింకు మీద నడుస్తుంది. చాలామంది ఒకేసారి వాడినప్పుడు లాభం, ఒక లింకు తెగినా పని ఆగకపోవడం ఇంకా పెద్ద లాభం.

ఐజీఎంపీ స్నూపింగ్ (మల్టీకాస్ట్‌ని, అంటే ఒకేసారి చాలామందికి వెళ్ళే డేటాని, అడిగినవాళ్ళ పోర్టులకే పంపే ఏర్పాటు) ఆన్ చేసి క్వెరియర్ (ఎవరికి కావాలో అప్పుడప్పుడు అడిగేది) పెట్టకపోతే మల్టీకాస్ట్ వీడియో మొదట బాగానే వచ్చి నాలుగైదు నిమిషాలకు ఆగిపోతుంది. సభ్యత్వం గడువు డిఫాల్ట్‌గా 260 సెకన్లు, గుర్తుచేసేవాళ్ళు లేకపోతే స్విచ్ అందరినీ లిస్టులోంచి తీసేస్తుంది. క్యూఓఎస్ (ముఖ్యమైన ట్రాఫిక్‌ని ముందు పంపడం) గురించి అమ్మేవాళ్ళు చాలా చెబుతారు గానీ, లింకులు ఖాళీగా ఉంటే దాని వల్ల ఒరిగేదేమీ లేదు. 24 గిగాబిట్ పోర్టులకు ఒకే గిగాబిట్ అప్‌లింక్ ఉంటే ముందు 10 గిగాబిట్ అప్‌లింక్ ఉన్న మోడల్ చూడండి, ఫోన్ల ప్రయారిటీ సంగతి ఆ తర్వాత.

నోరున్నదానికి తాళం కూడా కావాలి

మామూలు స్విచ్‌లోకి ఎవరూ లాగిన్ కాలేరు. మేనేజ్డ్ స్విచ్‌లోకి కాగలరు. వదిలేస్తే ప్రమాదం అని మొదట్లో అన్నది ఇందుకే. ఫ్యాక్టరీ పాస్‌వర్డు ఉన్న స్విచ్‌లో ఎవడైనా పోర్ట్ మిర్రరింగ్ పెట్టి ఆఫీసు ట్రాఫిక్ కాపీ చేసుకోవచ్చు, మీకు తెలియను కూడా తెలియదు. 2018లో సిస్కో స్విచ్‌లలో స్మార్ట్ ఇన్‌స్టాల్ అనే సదుపాయంలో తీవ్రమైన లోపం బయటపడింది. స్విచ్‌ల ఏర్పాటును సులువు చేయడానికి పెట్టిన ఆ సదుపాయం టీసీపీ 4786 పోర్టు మీద వింటూ ఉంటుంది. దాన్ని ఎప్పుడూ వాడని ఆఫీసుల్లో కూడా అది తెరిచే ఉండేది.

మొదటి రోజు పని ఇది: పాస్‌వర్డు మార్చడం, గుట్టు దాచని టెల్‌నెట్ లాగిన్ ఆపి, దాచే ఎస్ఎస్‌హెచ్ పెట్టడం, వెబ్ పేజీ హెచ్‌టీటీపీఎస్‌లో మాత్రమే తెరవడం, ఎస్ఎన్ఎంపీలో "పబ్లిక్" అనే కమ్యూనిటీ (పాస్‌వర్డు లాంటి పేరు) తీసేసి వీలైతే వెర్షన్ 3కి వెళ్ళడం (2సీలో ఆ పేరు తీగ మీద బాహాటంగా పోతుంది), మేనేజ్‌మెంట్ అడ్రస్‌ని స్టాఫ్ వీల్యాన్ నుంచి తప్పించడం, వాడని పోర్టులు మూసేయడం. ప్రతి పోర్టుకీ వివరణ రాయండి. "మీటింగ్ రూమ్, ఉత్తరం గోడ" అని రాయడానికి పది సెకన్లు పడుతుంది, రాయనిదానికి తర్వాత ఎంత పడుతుందో చెప్పలేం. క్లౌడ్ నుంచి నడిపే స్విచ్ అయితే లైసెన్సు ముగిశాక స్విచ్ నడుస్తుందా, నడిచినా సెట్టింగులు మార్చనిస్తుందా అన్నది కొనేముందే కాగితం మీద తీసుకోండి. ఫర్మ్‌వేర్‌ని (స్విచ్ లోపలి సాఫ్ట్‌వేర్) ఏడాదికి రెండుసార్లన్నా చూడాలి. అప్‌డేట్ అంటే రీబూట్, రీబూట్ అంటే ఆ స్విచ్ మీది ఫోన్లూ కెమెరాలూ కొన్ని నిమిషాలు ఆగడం, కాబట్టి పని వేళలు అయ్యాకే.

మార్పు చేసిన ప్రతిసారీ సేవ్ చేయండి. చాలా స్విచ్‌లలో నడుస్తున్న కాన్ఫిగ్ వేరు, బూట్‌లో చదివే కాన్ఫిగ్ వేరు. సేవ్ కొట్టని మార్పు నెలల తరబడి బాగానే పనిచేసి, కరెంటు పోయిన రోజున మాయమవుతుంది. సేవ్ చేశాక ఒక కాపీ బయట పెట్టండి. అది మామూలు టెక్స్ట్ ఫైలే, చాలాసార్లు కొన్ని కిలోబైట్లకు మించదు. స్విచ్ కాలిపోతే అదే మోడల్ ఇంకోటి తెచ్చి, ఆ ఫైలు ఎక్కించి, కేబుళ్ళు అవే నంబర్లలో తగిలిస్తే అరగంటలో ఆఫీసు నడుస్తుంది. మోడల్ వేరైతే పోర్టుల పేర్లు మారతాయి, ఫైలులో వాటిని ముందు దిద్దుకోవాలి. ఆ ఫైలులో ఎస్ఎన్ఎంపీ కమ్యూనిటీలు, కొన్నిసార్లు పాస్‌వర్డులు కూడా చదవగలిగేలా ఉంటాయి కాబట్టి అందరూ తెరిచే షేర్డ్ ఫోల్డర్‌లో మాత్రం పెట్టకండి.